గంప లేని లచ్చి

"మనవాళ్ళకు పనితనముంది గాని కల్పన లేదు." ఈ మాట నేను కనీసం ఇరవైసార్లు విని ఉంటాను. చేనేత ప్రదర్శనల వేదికల మీద విన్నాను, శిక్షణ తరగతుల్లో విన్నాను, సాహిత్యసభల టీ విరామాల్లో విన్నాను. బ్లాగ్మిత్రుల వ్యాఖ్యల్లోనూ చదివాను. పోచంపల్లి నేతగాని చేయి గొప్పదట, గద్వాల చీర అంచు గొప్పదట, నారాయణపేట గళ్ళు గొప్పవట. అయితే జపానువాళ్ళ పిల్లిపిల్ల వంటి, ఇంగ్లండువాళ్ళ కుందేలు వంటి ఒక సొంత పాత్రను పుట్టించి, దాని చుట్టూ బొమ్మలు, సంచులు, దుప్పట్లు చేసి అమ్ముకొనే తెలివి మనకు రాలేదట. ఈ అభిప్రాయం వాస్తవానికి విరుద్ధమని చెప్పడానికే ఈ టపా. పైకి ఇది నిరపాయమైన మాటగా కనిపిస్తుంది గాని దీనివల్ల కొందరికి రావలసిన డబ్బు రాకుండా పోతోంది. అందుచేత కాస్త కటువుగానే రాస్తున్నాను. మిత్రులు మన్నించకపోయినా ఫరవాలేదు.

కల్పన లేదనేవారు తెలంగాణ పటం కథలను ఒకసారి తలచుకోవాలి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయుని కథ, భావనారుషి కథ చెప్పేవారు. ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఆ కథకొక పటం. ఆ పటం గీసేవారు నకాషీలు. చేర్యాల బొమ్మలన్న పేరుతో ఇప్పుడు మనం గోడలకు తగిలించుకొంటున్నది వారి పనే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద గజాల కొద్దీ కథను గీసేవారు. మందహెచ్చులవారికైతే పటం బదులు రంగులద్దిన కొయ్యబొమ్మలు. కాటమరాజు, అతని పరివారం పెట్టెలోంచి ఒక్కొక్కరుగా బయటికి వచ్చి నిలబడుతుంటే కథ నడిచేది. ఒక పాత్ర చుట్టూ చేతితో చేసిన వస్తువుల శ్రేణి అంటే ఇది కాక మరేమిటి?

ఇందులో నన్ను అన్నిటికంటె ఆకట్టుకొన్నది మిరాశి. ఏయే ఊళ్ళలో ఏ కుటుంబం కథ చెప్పాలో తమలో తాము పంచుకొన్న హక్కు అది. ఒకరి ఊరికి మరొకరు పోయి చెప్పకూడదు. బొమ్మ గీసిన నకాషీకి ప్రతిఫలముండేది, కథ చెప్పినవారికి ప్రతిఫలముండేది, కథ ఎవరిదో ఆ కులం మొత్తం దానికి పోషకురాలుగా నిలిచేది. పటం జీర్ణించిపోతే పాత గుడ్డలాగా పారవేయక, కొత్త పటం సిద్ధమయ్యాక పాతదాన్ని నీటిలో నిమజ్జనం చేసేవారు. పుట్టపాకలోనో పోచంపల్లిలోనో మగ్గం గుంటలో కూర్చున్న పద్మశాలీ, ఎవరి ఊహకో గుడ్డ నేసిపెట్టే కూలి అని మనం అనుకొంటున్నాం. తన కథకు బొమ్మ గీయించి, చెప్పించి, దానికి ధాన్యం కొలిచి ఇచ్చిన పోషకుడు అతడు. పాత్ర అంటే ఏమిటో, దాని హక్కు అంటే ఏమిటో అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆ ఏర్పాటును మళ్ళీ తీసుకురమ్మని నేననడం లేదు. అది కులంలో ఇమిడి ఉన్న ఏర్పాటు. డక్కలివాని కథ విన్న ఊరే అతన్ని ఊరి వెలుపల నిలబెట్టింది. నా వాదన అంతవరకే: పాత్రకు, కథకు, వస్తువుకు, హక్కుకు ఉన్న సంబంధం మనకు కొత్త కాదు.

పాలమూరులో ఇంకో ఉదాహరణ ఉంది. కురుమూర్తి జాతరకు స్వామివారి ఉద్దాలు, అంటే తోలు పాదరక్షలు, చిన్నవడ్డెమానులో దళితులు నియమంతో తయారుచేస్తారు. అక్కడి నుండి ఊరేగింపుగా గుట్టకు తీసుకుపోతారు. వేలమంది ఆ చెప్పుల దర్శనానికి ఎదురుచూస్తారు. దేవుడు ఎలా నడుస్తాడో, ఆయన పాదం ఎంత ఉంటుందో ఊహించి తోలు కోసినవాడికి కల్పన లేదని ఎవరనగలరు? అలాగే నాగర్‌కర్నూలు ప్రాంతపు దర్శనం మొగులయ్యను చూడండి. 2022లో పద్మశ్రీ వచ్చేదాకా మన పత్రికల్లో చాలావాటికి ఆయన ఎవరో తెలియదు. సొరబుర్రలతో, వెదురుతో తన పన్నెండు మెట్ల కిన్నెరను తానే చేసుకొని, పండుగ సాయన్న కథను దాని మీద పలికించాడు. ఆ కిన్నెర మీద కూర్చున్న కొయ్యపక్షి ఏ కర్మాగారంలోనూ తయారుకాదు. కథ చెప్పేవాడే వస్తువును చేశాడు కాబట్టి వస్తువు కథలో భాగమయింది.

ఇక తేలియా రుమాలు. నూనెలోను ఆముదపు కాయల బూడిదలోను నూలును పదేపదే నానబెట్టి, చిటికి కట్టి, రంగులద్ది నేసే ఆ గుడ్డల మీద పూలు, ఏనుగులు, సింహాలతో పాటు గడియారాలు, విమానాలు కూడా ఉండేవన్న సంగతి చాలామందికి తెలియదు. విమానం సంప్రదాయమా? ఎవరో ఒకరు ఆకాశంలోనో పత్రికలోనో విమానాన్ని చూసి, నిలువు దారాలకు అడ్డు దారాలకు లెక్క కట్టి, దాన్ని చదరాల్లోకి దించారు. ఆ మనిషి పేరు ఏ రుమాలు కొంగునా లేదు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పోచంపల్లి ఇక్కత్తుకు 2005లోనే వచ్చింది. మంచిదే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, నేత పద్ధతిని కాపాడుతుంది. విమానాన్ని మొదట ఊహించిన మనిషిని కాపాడదు. కాపాడాలని ఎవరూ అడగలేదు కూడా. "మనవాళ్ళకు కల్పన లేదు" అన్న మాటకు పునాది ఇక్కడే ఉంది. కల్పన చేసినవారి పేరు రాసుకోలేదు గనుక, కల్పనే జరగలేదని తేల్చేశాం.

ఇంత చెప్పాక నా సంగతి చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ వివాదంలో నేనూ ఒక పక్షాన్ని. నాలుగేళ్ళుగా గంపలచ్చి అనే పిల్లను గీస్తున్నాను, కుడుతున్నాను. లచ్చి ఆరేళ్ళ పాలమూరు పిల్ల. తల్లిదండ్రులు గుంపు మేస్త్రి వెంట వలసపోతూ ఉంటారు. బువ్వకుండ, పలుగు, చీపురుతో పాటు లచ్చి కూడా తల్లి నెత్తి మీది గంపలో ప్రయాణం చేస్తుంది. నారాయణపేట వైపు పల్లెల నుండి బొంబాయికి పోయే బస్సు ఎక్కినవారికి ఈ పిల్ల కొత్తగా కనిపించదు. లచ్చి చేతిలో ఎప్పుడూ ఒక బొగ్గుముక్క ఉంటుంది. అమ్మానాన్నలు కట్టే ప్రతి గోడ మీదా తమ ఊరి ఇల్లు గీస్తుంది. మర్నాడు దాని మీద సిమెంటు పూత పడుతుంది. ఇంకో ఊళ్ళో ఇంకో గోడ. కథంతా ఇంతే. ఇప్పటికి పదకొండు కథలయ్యాయి.

దీని చుట్టూ చేసిన సరుకులు నాలుగు. గుడ్డబొమ్మ, దాని గంప, దాని బొంత, మడతలు పడే గుడ్డ పుస్తకం. పుస్తకాన్ని చదువుతూ ఒక్కొక్క మడతా విప్పుకొంటూ పోవాలి. పటం కథ నుండి తీసుకొన్న పద్ధతి అది. బొమ్మ ఎత్తు తొమ్మిది అంగుళాలు. ఒంటికి గోధుమవన్నె కోరా గుడ్డను తుమ్మచెక్క కషాయంలో ముంచి నలుపు తేలిన చామనఛాయ తెప్పిస్తాను. కొనుక్కొచ్చిన గుడ్డలో ఆ రంగు ఎక్కడా దొరకలేదు. "చర్మపు రంగు" అని దుకాణదారు చూపించేదంతా గులాబీ రంగే! లోపల బూరుగుదూది నింపితే మెత్తగానే ఉంటుంది గాని కొన్నాళ్ళకు మెడ వాలిపోతుంది. కనుక మెడలో మాత్రం పేలికలు చుట్టి బిగిస్తాను. కళ్ళకు గుండీలు పెట్టను. చిన్నపిల్లలు పీకి నోట్లో పెట్టుకొంటారు. నల్లదారంతో గొలుసుకుట్టు వేస్తాను. కనుబొమ కుట్టు ఒక్క దారం పైకి పోతే లచ్చికి ఆశ్చర్యం వస్తుంది, కిందికి దిగితే కోపం వస్తుంది. రెండూ నాకు కావాలి గనుక ఏ బొమ్మకు ఏది కుట్టానో పుస్తకంలో రాసుకొంటాను. పరికిణీ నారాయణపేట చీరల కత్తిరింపు ముక్కలది. దర్జీల దగ్గర అవి కిలోల లెక్కన దొరుకుతాయి. గంప మా మేదరి అవ్వ అల్లి ఇస్తుంది. చిన్న గంప కదా అని తక్కువ పని అనుకోవద్దు. వెదురు బద్దను దారమంత సన్నగా చీల్చాలి, పెద్ద గంపకంటె చిన్న గంపకే కత్తి ఎక్కువసార్లు జారుతుంది.

లెక్క కూడా చెబుతాను, దాచిపెట్టే అలవాటు లేదు. గుడ్డకు, రంగుకు 45 రూపాయలు. దూది 25. దారాలు, సూదులు 10. గంపకు అవ్వకు 80. చేతిపని ఆరున్నర గంటలు. గంటకు 60 చొప్పున 390. మొత్తం 550. దాన్ని 600కు అమ్ముతున్నాను. అంటే లచ్చిని ఊహించినందుకు, పదకొండు కథలు రాసినందుకు, ముఖం కుదరక మూలపడేసిన ముప్ఫై నమూనాలకు, అన్నిటికీ కలిపి బొమ్మకు 50 రూపాయలు. అందులోనే రవాణా సంచి, దుకాణం అద్దె. కూలి గంటకు 60 అనేది కూడా తాపీమేస్త్రి పక్కన ఇసుక మోసేవారికంటె తక్కువే. అయినా కొనేవారు మొదట అడిగే మాట, "గుడ్డబొమ్మకు ఆరువందలా?"

ఆ మాటకు నాకు కోపం రాదు. నెలకు పదివేలతో ఇల్లు గడిపేవారు అలాగే అడుగుతారు, అడగాలి. నాకు కోపం వచ్చేది వేరేవారి మీద. చేతివృత్తులను ఉద్ధరిస్తామని చెప్పుకొనే ఒక సంస్థ నుండి ఒక పెద్దమనిషి వచ్చారు. బొమ్మను తిప్పి తిప్పి చూశారు, మెచ్చుకొన్నారు. రెండువందల బొమ్మలు కావాలన్నారు. షరతులు మూడు. ఒకటి, ముఖం "కాస్త తెల్లగా" ఉండాలి. రెండు, గంప తీసేయాలి, "ఎందుకండీ ఆ దైన్యం, బహుమతిగా ఇచ్చే వస్తువు కదా" అన్నారు. మూడు, లచ్చి పేరు, నా పేరు ఉండకూడదు. "తెలంగాణ గ్రామీణ మహిళల చేతిపని" అని చీటీ తగిలిస్తారట. ఒక్కొక్కటి 280కి ఇవ్వాలి.

ఆ మూడో షరతును గమనించండి. "గ్రామీణ మహిళలు" అనే ముద్దపేరు కింద ఏ ఒక్క మహిళకూ హక్కు ఉండదు. ఈ పెద్దమనిషి దృష్టిలో చేతిపని అంటే అనామకమైనది, తరతరాలుగా దానంతట అదే వస్తున్నది, బావిలో నీళ్ళలాగా ఎవరైనా తోడుకోదగినది. రచన అంటే హైదరాబాదులో కుర్చీలో కూర్చుని చేసేది. నల్లగొండలో చాప మీద కూర్చుని చేస్తే అది రచన కాదు, కూలి. "కల్పన లేదు" అన్న మాట ఊరికే అభిప్రాయం కాదని మొదట్లో చెప్పింది ఇందుకే. కల్పన లేదంటే దానికి డబ్బు ఇవ్వనక్కరలేదు!

ఇక్కడ చోటా భీం ప్రసక్తి తప్పకుండా వస్తుంది. నా దగ్గరికి వచ్చే పదిమందిలో నలుగురు "భీం చేయగలరా?" అంటారు. చేయను, అది ఇంకొకరిది. చోటా భీంను ఆడిపోసుకోవడం ఈ మధ్య మన సాహిత్యమిత్రుల్లో ఒక వేడుకగా మారింది గాని నాకు ఆ బృందం మీద గౌరవమే. రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ సంస్థను హైదరాబాదులో 2001లో మొదలుపెట్టారు, 2008లో పోగోలో భీం వచ్చాడు, ఆ తర్వాత ఆ పాత్రతో చొక్కాలు, పలకలు, బొమ్మలు, సొంత దుకాణాలు వచ్చాయి. పాత్ర ఆస్తి అవుతుందని ఈ దేశానికి గట్టిగా చూపించినవారు హైదరాబాదువారే. కల్పన లేదనేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలాలి. నా అసంతృప్తి వేరు. ఆ భీం ఉండేది ఢోలక్‌పూర్‌లో. కురుమూర్తి జాతరలోను, దురాజ్‌పల్లి గొల్లగట్టు జాతరలోను అతని ముఖం అచ్చుపోసిన ప్లాస్టిక్ తొడుగులు వేలాడుతుంటాయి; వాటిలో అసలువెన్నో, దొంగవెన్నో దేవుడికెరుక. అదే గొల్లగట్టు కింద కాటమరాజు కొయ్యబొమ్మ ఒక్కటీ అమ్మకానికి పెట్టినట్టు నేను చూడలేదు. బుడుగు బొమ్మనూ చూడలేదు. ముళ్ళపూడి రాసి, బాపు గీసి, 1950ల నుండి తెలుగు ఇళ్ళలో అల్లరి చేస్తున్న బుడుగును పుస్తకంలో తప్ప చేతిలో పట్టుకొన్న పిల్లవాడు నాకింతవరకు ఎదురుపడలేదు. కోస్తాకు, తెలంగాణకు ఈ విషయంలో తేడా ఏమీ లేదు. బొమ్మ అంటే కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక. పాత్ర అంటే పుస్తకం. రెండింటికీ మధ్య గోడ కట్టుకొన్నాం.

ఆ గోడను ఒక మనిషి, ఒక సూదితో దాటిన కథ చెబుతాను. బియాట్రిక్స్ పాటర్ పీటర్ రాబిట్ కథను ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోతే 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చు వేయించుకొంది. 1902లో వార్న్ సంస్థ ప్రచురించింది. 1903లో ఆమె తన చేతులతో కుందేలు గుడ్డబొమ్మ కుట్టి, ఆ సంవత్సరమే దాన్ని పేటెంటు కార్యాలయంలో నమోదు చేయించింది. తర్వాత ఆట పలకలు, గోడకాగితాలు వచ్చాయి. పుస్తకాన్ని అమెరికాలో సకాలంలో నమోదు చేయకపోవడం వల్ల అక్కడ దొంగముద్రణలు యథేచ్ఛగా వచ్చాయి. ఆ దెబ్బ ఆమెను బొమ్మ విషయంలో మరింత జాగ్రత్తపరచి ఉండాలి. గమనించవలసినది ఏమంటే, ఆమె రచయిత్రిగా, కుట్టుపనివారిగా, హక్కుదారుగా ఏకకాలంలో ఉంది. ఆమెను ఎవరూ "ఇంగ్లండు గ్రామీణ మహిళల చేతిపని" అనలేదు. జపాను పిల్లిపిల్ల హలో కిట్టీ 1974లో కథ లేకుండానే పుట్టిందిగా, కథ ఎందుకని ఒక మిత్రుడు అడిగారు. ఆ పిల్లి వెనుక సాన్రియో వంటి పెద్ద సంస్థ, దాని దుకాణాలు ఉన్నాయి. వెనుక దుకాణం లేనివాడికి కథే దుకాణం.

మరి మన చట్టం ఏమంటుంది? ఇది చదివితే కొందరికి నిద్ర రావచ్చు, అయినా చదవండి. నేను గీసిన లచ్చి బొమ్మ 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కళాకృతి. నా జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు హక్కు. బాగుంది. అదే లచ్చిని వస్తువుగా మార్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదుకు యోగ్యమైన డిజైనును నమోదు చేయించకుండా, దాన్ని వేసిన వస్తువును పారిశ్రామిక ప్రక్రియలో 50 కంటె ఎక్కువసార్లు చేస్తే, ఆ డిజైనులో కాపీరైటు పోతుందని పదిహేనో సెక్షను చెబుతుంది. "నాది చేతిపని కదా, పరిశ్రమ ఎక్కడిది" అని ధైర్యంగా ఉండడానికి వీల్లేదు. డిజైన్ల చట్టపు నిర్వచనంలో చేతితో చేసినదైనా, యంత్రంతో చేసినదైనా, రసాయనంతో చేసినదైనా ఒకటే అని ఉంది. నమోదు చేయిస్తే రక్షణ పదేళ్ళు, ఆపైన ఇంకో అయిదేళ్ళు. అదీ ముందుగా లోకానికి చూపించని డిజైనుకే. ఏది కళాకృతి, ఏది డిజైను అన్న మీమాంసకు 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొన్ని పరీక్షలు చెప్పింది. ఆ తీర్పు పెద్ద యంత్రాల వ్యాజ్యంలో వచ్చింది. తొమ్మిది అంగుళాల లచ్చి ఆ తక్కెడలో ఎటు తూగుతుందో తేల్చుకోవాలంటే నేను వకీలుకు ఇవ్వవలసిన సొమ్ము ఎన్ని లచ్చులవుతుందో మీరే లెక్క వేసుకోండి.

దీనికంటె విడ్డూరం ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు. 2021 జనవరి 1 నుండి అమలులో ఉంది. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకొనే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలి. పిల్లల భద్రతకు సంబంధించినది గనుక దాని ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. సీసం కలిసిన రంగులు పూసిన బొమ్మలు మన సంతల్లో చూస్తూనే ఉన్నాం. భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు, హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన కళాకారులకు మినహాయింపు ఇచ్చారు. అదీ న్యాయమే. కాని ఆ మినహాయింపు తీరు చూడండి. మూడువందల ఏళ్ళ బొమ్మకు పరీక్ష లేదు, మూడేళ్ళ బొమ్మకు ఉంది. ఒక కార్యాలయంలో నమోదు గురించి విచారిస్తే, అక్కడివారు మర్యాదగానే అడిగారు: "మీ బొమ్మ ఏ సంప్రదాయానికి చెందిందండీ?" నేను పుట్టించానన్నాను. "అలా కాదండీ, ఏ కళ?" అన్నారు. ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. పాతదైతే కళ, పెద్ద సంస్థదైతే పరిశ్రమ. ఒక్క మనిషి కొత్తగా ఊహించి చేత్తో చేస్తే దానికి అర్జీలో గడి లేదు.

ఈ చిక్కు తప్పించుకొనేందుకు చాలామంది ఒక ఉపాయం చెప్పారు. "ఇది ఆటబొమ్మ కాదు, అలంకరణ వస్తువు" అని చీటీ అంటిస్తే చాలునట. బజారులో అలాంటి చీటీలు కావలసినన్ని కనిపిస్తాయి. నేనాపని చేయను. గుండీలు పెట్టకుండా కళ్ళు కుట్టినది ఎందుకు? మెడ గట్టిగా చుట్టినది ఎందుకు? పిల్లలు దాని జుట్టు పట్టి లాగుతారనే కదా! లచ్చిని గాజుబీరువాలో పెట్టుకొనేవారి కోసం నేను కుట్టలేదు. నమోదు కాగితాలు మళ్ళీ పెట్టాను. గడి లేకపోతే గడి పక్కన రాశాను.

ఇంత రాశాక, "చేతిపని పవిత్రమైనది" అనే రెండో పక్షంవారు నన్ను తమలో కలుపుకొంటారేమోనని భయంగా ఉంది. వారితోనూ నాకు పేచీ ఉంది. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి చీరకు ఆసు పోయడానికి చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పవలసి వచ్చేది, భుజాలు పడిపోయేవి. ఆయన ఏళ్ళ తరబడి కష్టపడి ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక పోచంపల్లి చీరలో ఏం తగ్గింది? ఆ తల్లుల భుజం నొప్పి తగ్గింది. చిటికి కట్టే చోట లెక్క, రంగుల పొందిక, మగ్గం మీద దారాన్ని సరిచేసే వేలు, ఇవి అలాగే ఉన్నాయి. బొమ్మలో నేను కాళ్ళు చేతులు కుట్టుమిషను మీదే కుడతాను. ముఖం మాత్రం చేత్తో. ఎందుకంటే రచన ఉన్నది ముఖంలో. బాధనంతా కళ అని కొనుక్కొనేవారు బొమ్మను చూడడం లేదు, ఎదుటివాని కష్టాన్ని చూసి మురిసిపోతున్నారు.

చివరకు మన ఇంటి సంగతి. బ్లాగ్మిత్రులారా, మన టపాను ఎవడైనా అడగకుండా ఎత్తుకుపోయి తన పేరుతో పెట్టుకొంటే మనం ఎంత రభస చేస్తామో నాకు తెలుసు. చేయాలి కూడా. మరి మీరే పండుగ శుభాకాంక్షల పక్కన, కథల పక్కన పెట్టే పటం బొమ్మలు, గుడ్డబొమ్మలు ఎవరివి? "చిత్రం: జాలం నుండి" అని రాస్తే సరిపోతుందా? కవి పేరు లేకుండా పద్యం వేస్తే దొంగతనమన్నది మన మాటే. బొమ్మకు మాత్రం ఆ నియమం ఎందుకు వర్తించదు? పుస్తక సమీక్ష రాసే మనం ఒక పాత్రను, దాని బొమ్మను, దాని కుట్టును ఎందుకు సమీక్షించం? ముఖం బాగాలేకపోతే బాగాలేదని రాయండి. గంప కథకు అతకలేదని రాయండి. "పాపం చేతిపని, ప్రోత్సహిద్దాం" అని మాత్రం రాయకండి. నాకు మీ జాలి అక్కరలేదు, మీ విమర్శ కావాలి. విమర్శ రచయితకు దక్కే మర్యాద.

రెండువందల బొమ్మలు అడిగిన పెద్దమనిషికి ఉత్తరం రాశాను. లచ్చి ముఖం ఆ రంగుదే, గంప లేకుండా లచ్చి దొరకదు, చీటీ మీద పేరు గంపలచ్చి అనే ఉంటుంది, కింద కుట్టినవారి పేరు, గంప అల్లినవారి పేరు ఉంటాయి, వెల 600. జవాబు రాలేదు. ఇక ఈ నెలకు కావాలని రాసినవారికి ఒక మాట. మేదరి అవ్వను ఇంకొన్ని గంపలు అల్లుతావా అని అడిగితే, "బిడ్డా, పన్నెండు కంటె ఎక్కువ అల్లనీకి నాతోని కాదు, చేతులు కోస్కపోతున్నయ్" అంది. కనుక ఈ నెల పన్నెండు లచ్చులే. అయిదు ఇప్పటికే పోయాయి.